చిన్న గ్లైడర్‌కు డక్టెడ్ ఫ్యాన్ బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరు. ఒక మీటరు రెక్కల ఫోమ్ గ్లైడర్ వీపు మీద 50 మి.మీ. డక్టెడ్ ఫ్యాన్ బిగించి ఎగరేస్తున్నాను. చూసినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు, బ్యాటరీ చేతిలో పట్టుకుని ఇంటికే వచ్చినవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా. అన్నిటికన్నా ముందు ఒక్క మాట, కింద చాలా జవాబులు దీని చుట్టూనే తిరుగుతాయి: ఫ్యాన్ పెట్టాక కూడా అది గ్లైడర్‌గా బతికే ఉండాలి. మోటారు ఆపితే రాయిలా పడిపోయేదాన్ని తయారుచేసుకుంటే ఎక్కువ రోజులు మిగలదు.

ఈడీఎఫ్ అంటే అసలు ఏంటి?

ఎలక్ట్రిక్ డక్టెడ్ ఫ్యాన్. ఒక గొట్టం, అందులో చాలా రెక్కలున్న చిన్న ఫ్యాన్, దాని వెనక బ్రష్‌లెస్ మోటారు, మోటారును పట్టుకుని గాలి మెలికను సరిచేసే కదలని రెక్కలు కొన్ని. మంట ఉండదు, ఇంధనం ఉండదు, కానీ చప్పుడు మాత్రం జెట్‌దే. సైజు అంటే గొట్టం లోపలి వ్యాసం: 30, 40, 50, 64, 70, 90 మి.మీ. ఇలా దొరుకుతాయి. చిన్న గ్లైడర్లకు పనికొచ్చేవి 50, మహా అయితే 64.

ప్రొపెల్లర్ పెడితే సరిపోదా? ఇంత కష్టం ఎందుకు?

సరిపోతుంది, నిజం చెప్పాలంటే ఇంకా బాగా ఎగురుతుంది. 50 మి.మీ. ఫ్యాన్ మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ మీద 25 ఆంపియర్లు, అంటే 270 వాట్ల పైన తాగి సుమారు 500 గ్రాముల తోపు (ముందుకు నెట్టే బలం) ఇస్తుంది. అదే కరెంటు 7 అంగుళాల ప్రొపెల్లర్‌కు ఇస్తే అంతకు రెట్టింపు దగ్గరగా వస్తుంది. కారణం సులువే. ప్రొపెల్లర్ ఎక్కువ గాలిని నెమ్మదిగా వెనక్కి నెడుతుంది, డక్టెడ్ ఫ్యాన్ కొంచెం గాలిని చాలా వేగంగా నెడుతుంది. వేగం పెంచడానికి పట్టే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి కొంచెం గాలిని విసిరికొట్టడం ఎప్పుడూ ఖరీదైన బేరమే. 500 గ్రాముల తోపు కోసం మన ఫ్యాన్ నుంచి గాలి సెకనుకు 50 మీటర్ల వేగంతో, అంటే గంటకు 180 కిలోమీటర్లతో బయటికి రావాలి.

మరి ఎందుకంటారా? ఆ చప్పుడు కోసం, ముక్కు ముందు ఏమీ లేని శుభ్రమైన ఆకారం కోసం, పొట్ట మీద దిగితే విరగడానికి ప్రొపెల్లర్ లేకపోవడం కోసం. ఇవి మీకు ముఖ్యం కాకపోతే ప్రొపెల్లరే పెట్టుకోండి, ఇరవై నిమిషాలు హాయిగా ఎగరేసుకోవచ్చు.

ఏ గ్లైడర్ తీసుకోవాలి? బొమ్మల దుకాణంలో దొరికే 48 సెంటీమీటర్లది పనికొస్తుందా?

మొదటిసారికి వద్దు. ఆ చిన్నవి యాభై గ్రాముల లోపు ఉంటాయి, దాని మీద 30 మి.మీ. ఫ్యాన్, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే బోర్డు), రిసీవర్, సర్వోలు (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు), బ్యాటరీ పెట్టేసరికి బరువు రెండున్నర మూడు రెట్లవుతుంది, రెక్క మాత్రం అదే. ఎగురుతుంది, కానీ కందిరీగలా ఎగురుతుంది, కన్ను ఆర్పేలోపు తిరగబడుతుంది.

ఒక మీటరు రెక్కలున్న, చేత్తో విసిరే ఫోమ్ గ్లైడర్ తీసుకోండి. ఈపీపీ లేదా ఈపీవో ఫోమ్ అయితే మంచిది, పడినా వంగుతుంది, విరిగినా అతుక్కుంటుంది. తెల్ల థర్మకోల్‌తో చేసినవి తేలికే కానీ వేగానికి ఆగవు. చూడాల్సినవి రెండు: రెక్క మధ్యలో కార్బన్ గొట్టం పెట్టడానికి కనీసం 4 మి.మీ. మందం ఉందా, ముక్కు దగ్గర బ్యాటరీ దూరే చోటు ఉందా. రెండోది లేకపోతే కొనద్దు. ఎందుకో సమతూకం దగ్గర చెప్తాను.

బరువు లెక్క ఎలా వేయాలి?

ఫోమ్ మీద కత్తి పెట్టకముందే వేయాలి. వంటింటి డిజిటల్ కాటా చాలు. నా విమానం లెక్క ఇది: ఉత్త గ్లైడర్ 180 గ్రాములు, ఫ్యాన్ మోటారుతో కలిపి 65, ఈఎస్‌సీ 30, మూడు సెల్స్ 1300 ఎంఏహెచ్ బ్యాటరీ 115, మూడు సర్వోలు 27, రిసీవర్ 15, ఇక కార్బన్ గొట్టం, తీగలు, జిగురు, వెనక గొట్టం అన్నీ కలిపి 45. మొత్తం 477 గ్రాములు. తోపు 500. అంటే దాదాపు బరువుకు సమానం, చేత్తో విసిరే విమానానికి ఇది సుఖమైన లెక్క. తోపు బరువులో ముప్పావు వంతు కన్నా తగ్గితే విసిరే చెయ్యికి చాలా అనుభవం ఉండాలి.

ఇక రెక్క వైపు చూద్దాం. ఒక మీటరు పొడవు, సగటు వెడల్పు 14 సెంటీమీటర్లు, అంటే 14 చదరపు డెసిమీటర్లు. 477ని 14తో భాగిస్తే చదరపు డెసిమీటరుకు 34 గ్రాములు. గ్లైడర్‌గా ఉన్నప్పుడు 13 ఉండేది. దీనివల్ల ఏం మారుతుందంటే, ఇది గాలిలో నిలబడటానికి కావాల్సిన కనీస వేగం. అప్పుడు గంటకు 18 కిలోమీటర్లకే నిలబడేది, ఇప్పుడు 29 కావాలి. బరువు 2.65 రెట్లయితే ఈ వేగం దాని వర్గమూలం మేరకు, 1.63 రెట్లు పెరుగుతుంది. చేత్తో గట్టిగా విసిరితే వచ్చే వేగం కూడా ఇంచుమించు అంతే. కాబట్టి ఇంకో వంద గ్రాములు ఎక్కించారంటే మీ చెయ్యి చాలదు. పెద్ద బ్యాటరీ పెడితే ఎక్కువసేపు ఎగురుతుందని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. 2200 ఎంఏహెచ్ పెట్టి చూశాక మళ్లీ 1300కే వచ్చాను.

ఫ్యాన్ ఎక్కడ పెట్టాలి?

మూడు దారులున్నాయి. ఫ్యూజ్‌లేజ్ లోపల పెడితే అందంగా ఉంటుంది, కానీ గ్లైడర్ ఒళ్లు సన్నం కాబట్టి దాన్ని చీల్చి మళ్లీ కట్టాలి, బలం పోతుంది. కింద వేలాడదీస్తే దిగేటప్పుడు నేల తగులుతుంది, గడ్డి, మట్టి లోపలికి పోతాయి. రెక్క వెనక, వీపు మీద చిన్న పీఠం కట్టి పెట్టడమే ఉత్తమం. గాలి శుభ్రంగా వస్తుంది, చెయ్యి పట్టడానికి పొట్ట ఖాళీగా ఉంటుంది, దుమ్ము తక్కువ.

దీనిలో ఉన్న చిక్కు ఒకటే. తోపు గీత గరిమనాభికి (విమానం బరువు అటూ ఇటూ సమంగా తూగే చోటుకు) పైన ఉంటుంది కాబట్టి థ్రాటిల్ ఎక్కించగానే ముక్కు కిందికి వంగుతుంది. మందు రెండు రకాలు. మొదటిది, ఫ్యాన్‌ను వీలైనంత కిందికి, ఫ్యూజ్‌లేజ్‌కు ఆనించి పెట్టడం. రెండోది, ఫ్యాన్‌ను కొంచెం వంచడం. పక్క నుంచి ఫోటో తీసి దాని మీద స్కేలు పెట్టి ఫ్యాన్ మధ్య నుంచి గీత గీయండి, ఆ గీత గరిమనాభికి దగ్గరగా పోవాలి. ఫ్యాన్ గరిమనాభికి వెనక ఉంటే నోరు కొంచెం కిందికి, తోక వైపు కొంచెం పైకి వస్తుంది. ఇది చూడటానికి తలకిందులుగా అనిపిస్తుంది, చాలామంది ఎదురు వైపు వంచి ఇబ్బంది పడతారు, గీత గీసి చూస్తే అనుమానం ఉండదు. పూర్తిగా గరిమనాభి గుండా పోవాలని పట్టుపట్టద్దు, అంత వంచితే బయటికొచ్చే గాలి తోకను సరిగా దాటదు. మూడు నాలుగు డిగ్రీలు వంచి మిగతాది ట్రాన్స్‌మిటర్‌లో మిక్స్ పెట్టి, అంటే థ్రాటిల్ పెంచితే ఎలివేటర్ (ముక్కును ఎత్తే, దించే తోక పలక) తనే కొంచెం కదిలేలా చేసి సరిచేసుకోండి.

తోక సంగతి కూడా చూసుకోవాలి. వేగంగా వచ్చే గాలి తిన్నగా నిలువు తోకను కొడితే విమానం వణుకుతుంది, చప్పుడు మారుతుంది, తోపు కూడా పోతుంది. టీ ఆకారం తోకలైతే ఇంకా జాగ్రత్త.

ఫ్యాన్ ముందు అంచు, వెనక గొట్టం తప్పనిసరా?

ముందు అంచు తప్పనిసరి. గాలి ఫ్యాన్‌లోకి ఎదురుగానే రాదు, పక్కల నుంచి కూడా వంగి వస్తుంది, ముఖ్యంగా విమానం ఇంకా నెమ్మదిగా ఉన్నప్పుడు. అంచు కత్తిలా ఉంటే ఆ గాలి వంగలేక చీలిపోతుంది, ఫ్యాన్ రెక్కల చివర్లకు సుడులే అందుతాయి. కుండ మూతి ఎలా గుండ్రంగా బయటికి వంగి ఉంటుందో అలా ఉండాలి. ఫ్యాన్‌తోపాటు ప్లాస్టిక్ రింగ్ వస్తే అదే వాడండి. రాకపోతే ఫోమ్ ముక్కను రింగులా కోసి ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్ది అంటించండి. ఈ చిన్న పనికి ఒక సాయంత్రం పట్టింది నాకు, కానీ చప్పుడులోనే తేడా తెలిసింది, కీచుమనేది కాస్తా మెత్తని ఊళ అయింది.

వెనక గొట్టం లేకపోయినా ఎగురుతుంది, ఉంటే వేగం వస్తుంది. ఫ్యాన్ ఊడ్చే వైశాల్యంలో నిర్గమ ద్వారం 85 నుంచి 95 శాతం మధ్య ఉంచుతారు. 50 మి.మీ. ఫ్యాన్‌లో మధ్య హబ్ 20 మి.మీ. అనుకుంటే ఊడ్చే వైశాల్యం 1650 చదరపు మి.మీ. దగ్గర, దాన్లో 90 శాతం అంటే సుమారు 1485, ఆ లెక్కన గొట్టం చివర వ్యాసం 43.5 మి.మీ. రావాలి. మరీ సన్నం చేస్తే విసిరేటప్పుడు తోపు తగ్గి ఆంపియర్లు పెరుగుతాయి, మొదటి విమానానికి 45 ఉంచినా నష్టం లేదు.

గొట్టం దేనితో చేయాలంటే, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్‌కు పైన వేసే పారదర్శక షీటు. బ్రాడీపేట అరండల్‌పేటల్లో సందుకొకటి ఉంటుంది, అడిగితే విడిగా ఇస్తారు. ముందు కాగితంతో చుట్టి చూసుకుని, ఒక వైపు చుట్టుకొలత 157, రెండో వైపు 137 మి.మీ. వచ్చేలా కత్తిరించి, అతుకు మీద పలుచని టేప్ వేయండి. అతుకు అంచు లోపల గాలికి ఎదురు తిరగకుండా చూడండి.

ఈఎస్‌సీ, బ్యాటరీ, తీగలు ఏవి?

ఫ్యాన్ 25 ఆంపియర్లు తాగితే ఈఎస్‌సీ 40 పెట్టండి, 30 అంచున నడుస్తుంది, మన ఎండల్లో అంచున నడిపితే ఆరిపోతుంది. ఈఎస్‌సీకి గాలి తగలాలి. ఫోమ్ లోపల పూడ్చి టేప్ వేసేసి, నా ఈఎస్‌సీ గాల్లోనే మోటారు కట్ చేసిందని చెప్పేవాళ్లు నెలకొకరు తగులుతారు. ఫ్యూజ్‌లేజ్ పక్కన చిన్న కిటికీ, వెనక ఇంకో చిన్న కిటికీ కొయ్యండి, చాలు.

బ్యాటరీ మీద రాసిన సీ సంఖ్యను (కెపాసిటీకి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో చెప్పేది) పూర్తిగా నమ్మద్దు. 1300 ఎంఏహెచ్‌కు 25సీ అంటే కాగితం మీద 32 ఆంపియర్లు, నిజంలో అంత ఇస్తే ఓల్టేజీ కుంగిపోతుంది, ప్యాక్ వేడెక్కి ఉబ్బుతుంది. 45సీ లేదా పైన తీసుకోండి. కనెక్టర్ ఎక్స్‌టీ60. ఎక్స్‌టీ30 తేలికే కానీ అది నిరంతరంగా 15 ఆంపియర్లకు చేసింది.

బ్యాటరీ ముక్కులో, ఫ్యాన్ వెనక ఉంటాయి కాబట్టి ఎక్కడో ఒకచోట తీగ పొడిగించాలి. పొడిగిస్తే ఈఎస్‌సీ నుంచి మోటారుకు వెళ్లే మూడు తీగలు పొడిగించండి. బ్యాటరీ నుంచి ఈఎస్‌సీకి వెళ్లేవి పెంచితే ఓల్టేజీ ఎగుళ్లు ఈఎస్‌సీ కెపాసిటర్లను తింటాయి.

ఫ్యాన్ కీచుమంటోంది, రెక్క అంతా వణుకుతోంది. పాడైనట్టేనా?

ఎక్కువసార్లు రోటర్‌కు (గొట్టంలో తిరిగే రెక్కల చక్రానికి) తూకం లేకపోవడమే. నిమిషానికి 40 వేల చుట్లకు అటూ ఇటూ తిరిగే వస్తువు అది, రెక్కల చివర వేగం గంటకు 370 కిలోమీటర్ల పైన. అంత వేగంలో రవ్వంత తేడా కూడా పెద్ద దెబ్బే. ఆటోనగర్‌లో కారు చక్రానికి సీసం ముక్క అంటించి బ్యాలెన్స్ చేస్తారే, ఇదీ అదే పని. రోటర్‌ను సన్నని నున్నటి కడ్డీ మీద అడ్డంగా వేసి వదిలితే బరువు వైపు కిందికి వస్తుంది, ఎదురుగా హబ్ లోపలి వైపు చిటికెడు టేప్ ముక్క అంటించండి. ఎక్కడ ఆపినా అక్కడే నిలబడితే సరి. రెక్కల చివర్లు గొట్టానికి రాసుకుంటున్నాయేమో కూడా చూడండి, పీఠం బిగించేటప్పుడు టేప్ గట్టిగా లాగితే పలుచని గొట్టం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

ఏ జిగురు వాడాలి?

ఈపీపీ, ఈపీవోలకు మామూలు ఫెవిక్విక్ లాంటిది పడుతుంది. తెల్ల థర్మకోల్‌కు, డెప్రాన్ అనే పలుచని ఫోమ్ షీటుకు అది యాసిడ్ పోసినట్టే, కరిగి గుంట పడుతుంది. ఏదైనా ముందు తునక మీద చుక్క వేసి చూడండి. కార్బన్ గొట్టానికి, ఫ్యాన్ పీఠం కింద వేసే ప్లైవుడ్ పలకకు రెండు ట్యూబుల ఎపాక్సీయే. గ్లూ గన్ జిగురు తొందరగా పని కానిస్తుంది కానీ మే నెల ఎండలో మెత్తబడి పీఠం జారుతుంది, సర్వోలకు తప్ప వాడను.

తోపు ఎంత వస్తోందో ఇంట్లో ఎలా కొలవాలి?

వేలాడదీసే లగేజీ కాటా ఒకటి కొనండి. విమానాన్ని నున్నటి గచ్చు మీద చిన్న చక్రాల పలక మీద పెట్టి, తోకకు తాడు కట్టి కాటాకు తగిలించి, కాటాను కిటికీ ఊచకు కట్టండి. పూర్తి థ్రాటిల్ ఐదు సెకన్లు మించకూడదు. పక్కనే వాట్ మీటర్ ఉంటే ఆంపియర్లు కూడా రాసుకోండి. ఇంట్లో 400 కూడా రాకపోతే బయటికి తీసుకెళ్లద్దు, నోరు మూసుకుపోయిందా, రోటర్ తిరగేసి పెట్టారా, బ్యాటరీ కుంగుతోందా, ఈ మూడూ చూడండి.

గరిమనాభి ఎక్కడ ఉండాలి? గ్లైడ్ పరీక్ష అంటే?

14 సెంటీమీటర్ల రెక్కకు ముందు అంచు నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. రెక్క కింద అటూ ఇటూ రెండు వేళ్లు ఆనించి ఎత్తితే విమానం తిన్నగా, లేదా ముక్కు రవ్వంత వంగి నిలవాలి. ఫ్యాన్ వెనక ఉంది కాబట్టి బ్యాటరీ బాగా ముందుకు పోవాలి, ముక్కులో చోటు చూసుకోమన్నది ఇందుకే. చోటు లేక ముక్కులో సీసం పోస్తే ఆ బరువు ఎవరు మోస్తారు?

గ్లైడ్ పరీక్ష ఈ మొత్తం పనిలో నేను ఎవరినీ దాటేయనివ్వను. అన్నీ బిగించి, బ్యాటరీ దాని చోట పెట్టి, రేడియో ఆన్ చేసి, థ్రాటిల్ కట్ స్విచ్ (మోటారు తిరగకుండా ఆపేది) వేసి, ఒత్తుగా గడ్డి ఉన్నచోట గాలికి ఎదురుగా తిన్నగా, గట్టిగా విసరండి. పది పదిహేను మీటర్లు సాగి పొట్ట మీద దిగాలి. ముక్కు ఎత్తి ఆగిపోయి పడితే బ్యాటరీ ముందుకు, ముక్కు గుచ్చుకుంటే వెనక్కి, సగం సెంటీమీటరు చొప్పున జరపండి. డక్ట్ అడ్డం వల్ల పాత గ్లైడర్ అంత దూరం పోదు, దానికి బాధపడక్కర్లేదు. తిన్నగా పోతోందా, అదీ చూడాల్సింది. ఇది పాసైతేనే ఫ్యాన్ తిప్పండి.

విసరగానే కూలిపోతోంది అన్నా, ఏం చేయాలి?

నాకూ మొదటి విమానం ఇలాగే పోయింది. మా బాబాయి కొడుకు విసిరాడు, నా చేతిలో ట్రాన్స్‌మిటర్. వాడు మర్యాదగా, కొంచెం పైకి చూపించి, కాగితం విమానం వదిలినట్టు వదిలాడు. నేను ఎలివేటర్ లాగాను. ముక్కు ఎత్తింది, ఎడమ రెక్క వాలింది, నాలుగు సెకన్లలో కథ ముగిసింది.

ఆ రోజు అర్థమైంది ఏంటంటే, ముందు ప్రొపెల్లర్ ఉంటే దాని గాలి తోక మీదుగా పోతుంది కాబట్టి విమానం నిలబడి ఉన్నా ఎలివేటర్‌కు పట్టు ఉంటుంది. డక్టెడ్ ఫ్యాన్‌కు ఆ సాయం లేదు. వేగం వచ్చేదాకా మీ ట్రాన్స్‌మిటర్ స్టిక్కులకు విమానం వినదు. కాబట్టి పూర్తి థ్రాటిల్ పెట్టి రెండు సెకన్లు ఫ్యాన్‌ను వేగం అందుకోనివ్వండి, గాలికి ఎదురుగా, నేలకు సమాంతరంగా లేదా మహా అయితే పది డిగ్రీలు పైకి, జావెలిన్‌లా బలంగా విసరాలి. విసిరాక మొదటి రెండు సెకన్లు ఎలివేటర్ ముట్టుకోవద్దు. అది కొంచెం కిందికి దిగుతున్నట్టు కనపడుతుంది, గుండె జారుతుంది, అయినా లాగద్దు. వేగం అందుకుని తనే ఎక్కడం మొదలుపెడుతుంది.

ఎంతసేపు ఎగురుతుంది?

1300 ఎంఏహెచ్‌లో 80 శాతమే వాడాలి. పూర్తి థ్రాటిల్‌లో రెండున్నర నిమిషాలు. ఎక్కాక సగానికి తగ్గించి, మధ్యమధ్య ఆపి గ్లైడ్ చేస్తే నాలుగున్నర, ఐదు. టైమర్ మూడున్నర నిమిషాలకు పెట్టి, దిగాక ఒక్కో సెల్ 3.7 ఓల్టుల పైన ఉందో లేదో చూసుకుని తర్వాత పెంచుకోండి.

మన ఎండలకు ఇది తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది, మనం మధ్యాహ్నం ఎగరేయకపోతే. జనవరి పొద్దుటి గాలితో పోలిస్తే మే నెల 44 డిగ్రీల గాలి దాదాపు 8 శాతం పలుచన. ఫ్యాన్ అదే వేగంతో తిరిగినా తోపు అంతే తగ్గుతుంది, రెక్కకు కావాల్సిన వేగం పెరుగుతుంది. రెండూ విసిరే చెయ్యి మీదే పడతాయి. ఉదయం ఆరు నుంచి ఎనిమిదిలోపు మంచిది, గాలి కదలదు.

బ్యాటరీని మాత్రం బండి డిక్కీలో పెట్టి టిఫిన్‌కు వెళ్లకండి. నేను ఒక చల్లని బాక్సులో తడి లేకుండా గుడ్డ చుట్టి తీసుకెళ్తా. ఎగిరొచ్చిన వేడి ప్యాక్‌ను చల్లారకుండా చార్జింగ్ పెట్టద్దు. 1300 ప్యాక్‌కు 1.3 ఆంపియర్లు చాలు, ఖాళీ మట్టి కుండీలో పెట్టి, మనిషి పక్కన ఉన్నప్పుడే. వారం పైన వాడకపోతే సెల్‌కు 3.8 దగ్గర ఉంచండి.

గుంటూరు, విజయవాడ దగ్గర ఎక్కడ ఎగరేయాలి?

ఇది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. కోతలయ్యాక మాగాణి ఖాళీగా కనిపిస్తుంది కానీ ఖాళీ కాదు, డెల్టాలో వరి కోయకముందే మినుము చల్లేస్తారు, మోడుల మధ్య మొలకలు ఉంటాయి. మనం విమానం వెతుక్కుంటూ తొక్కేది రైతు రెండో పంట. అడగకుండా దిగద్దు. అడిగితే చాలామంది ఫలానా గట్టు పక్కన బీడు ఉంది అక్కడికెళ్లు బాబూ అని వాళ్లే చూపిస్తారు. గుంటూరు వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కల్లాలు పరిచి ఉంటాయి. దాని మీద దిగితే వాళ్ల సరుకు చెడుతుంది, పొట్ట కింద ఫోమ్‌కు అంటిన కారం తర్వాత మీ కళ్లలోకే వస్తుంది.

ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణలో ఎండాకాలం ఇసుక తిన్నెలు బయటపడతాయి, విశాలం, జనం తక్కువ, దిగడానికి మెత్తన. గ్లైడర్‌కు స్వర్గమే. ఫ్యాన్‌కు మాత్రం కాదు, ఇసుక రేణువులు రోటర్ అంచుల్ని, బేరింగుల్ని తినేస్తాయి. అక్కడ ఎగరేస్తే నేలకు మీటరు ఎత్తులోనే థ్రాటిల్ పూర్తిగా ఆపి దించండి, ఇంటికొచ్చాక బ్రష్‌తో తుడవండి. పాయల్లో నీళ్లు ఎప్పుడు వదులుతారో తెలుసుకోకుండా లోపలికి నడవద్దు.

సంక్రాంతి వారం వద్దు, గాలిపటాల దారాలు కనపడవు. సాయంత్రాలు సముద్రపు గాలి తిరుగుతుంది, దానికి ఎదురుగా విసిరితే ఆ గాలే సగం పని చేసిపెడుతుంది, కానీ అలవాటయ్యాక.

అనుమతులు కావాలా?

డ్రోన్ రూల్స్ 2021 కింద విద్య, పరిశోధన, వినోదం కోసం కంటిచూపు పరిధిలో ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ డిజైన్‌కు ప్రభుత్వ ఆమోదం) అక్కర్లేదు. 2 కిలోల లోపు వాటిని వ్యాపారం కోసం కాకుండా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గగనతలం నిబంధనలు మాత్రం అందరికీ ఒకటే. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోట) ఎత్తు 400 అడుగులు, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులే. కాబట్టి విమానాశ్రయం ఉన్న గన్నవరం, కేసరపల్లి వైపు వెళ్లే ఆలోచనే వద్దు, సచివాలయం చుట్టుపక్కల కూడా. వెళ్లేముందు అధికారిక గగనతల మ్యాప్‌లో ఆ రోజు రంగు చూసుకోండి, జోన్లు మారుతుంటాయి.

ఖర్చెంత? సామాన్లు ఎక్కడ?

ట్రాన్స్‌మిటర్, చార్జర్ లేనివాళ్లకు అన్నీ కలిపి పది వేలు దాటుతుంది. అవి రెండూ ఉంటే సగం భారం తగ్గినట్టే, తర్వాతి విమానాలకూ అవే. ఫ్యాన్, ఈఎస్‌సీ ఆన్‌లైన్‌లోనే. సోల్డర్, సిలికాన్ తీగ, ష్రింక్ గొట్టాలు ఊళ్లో ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి. ఒకసారి తక్కువకు వస్తోందని పేరు లేని ఈఎస్‌సీ కొన్నాను, 40 ఆంపియర్లని రాసి ఉంది, 20 దగ్గరే పొగ వచ్చింది, అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తలేదు. అప్పటి నుంచి ఏ ఈఎస్‌సీ అయినా ముందు నేల మీద వాట్ మీటర్‌తో నడిపించాకే విమానంలోకి.

ఎగరేయడం రాదు, దీంతోనే నేర్చుకోవచ్చా?

వద్దు తమ్ముడూ. అదే గ్లైడర్‌కు ముందు చిన్న ప్రొపెల్లర్ మోటారు పెట్టి రెండు నెలలు ఎగరేయి. తర్వాత ఫ్యాన్.

పిల్లలు చుట్టూ చేరుతున్నారు. ప్రమాదమా?

ప్రొపెల్లర్ కనిపిస్తుంది కాబట్టి జనం దూరం ఉంటారు, ఫ్యాన్ గొట్టంలో ఉంది కాబట్టి భయపడరు, అదే ప్రమాదం. చున్నీ కొస, మెడలో ఐడీ కార్డు తాడు, చొక్కా చేతి అంచు, ఏదైనా లాక్కుంటుంది. బ్యాటరీ తగిలించే ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, థ్రాటిల్ కట్ వేసి ఉండాలి. సిగ్నల్ పోతే థ్రాటిల్ సున్నాకు వచ్చేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, మోటారు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపి నేల మీదే పరీక్షించండి. అందరినీ మీ వెనక నిలబెట్టండి. పిల్లల్ని తరిమేయద్దు, ఒకరికి టైమర్ చూసే పని, ఒకరికి ఆకాశంలో గద్దలు చూసే పని ఇస్తే కదలకుండా నిలబడతారు.

ఫ్యాన్ తీసేసి మళ్లీ గ్లైడర్‌గా వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, అందుకే పీఠాన్ని ఎపాక్సీతో శాశ్వతంగా అంటించకుండా పలుచని ప్లైవుడ్ పలక వేసి నాలుగు నైలాన్ బోల్టులతో బిగించమంటాను. నాది అలాగే ఉంది. ఫ్యాన్, ఈఎస్‌సీ, పెద్ద బ్యాటరీ తీసేసి, చిన్న రెండు సెల్స్ 300 ఎంఏహెచ్ ప్యాక్, ఒక చిన్న బీఈసీ (రిసీవర్‌కు, సర్వోలకు సరిపడా ఓల్టేజీ ఇచ్చేది) పెడితే 280 గ్రాముల దగ్గరికి వస్తుంది. బ్యాటరీ తేలికైంది, వెనక ఫ్యాన్ పోయింది, కాబట్టి గరిమనాభి మళ్లీ వేళ్ల మీద చూసుకోవాలి. జనవరిలో కొన్ని సాయంత్రాలు ఫ్యాన్ పీఠం ఇంట్లోనే వదిలి, ఉత్త గ్లైడర్ తీసుకుని గట్టు మీదికి వెళ్తాను. విసిరితే చప్పుడు లేకుండా పోయి, బీడు అవతలి చివర తుమ్మచెట్టు దగ్గర దిగుతుంది, మళ్లీ నడిచి వెళ్లి తెచ్చుకుంటాను.